ముందు రెండు నెలలు బరువు తగ్గకండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. గుంటూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో టీచర్‌ని. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. కొన్నేళ్ల క్రితం ఊరంతా చేస్తుంటే నేనూ కొబ్బరి నూనె, నిమ్మకాయల డైట్ చేశాను. మూడు నెలల్లో 12 కిలోలు తగ్గాను. ఏడాదిన్నర తిరిగేసరికి 14 కిలోలు పెరిగాను. నిరుడు ఆడపడుచు కూతురి పెళ్లికి ముందు రాత్రిపూట జావ మాత్రమే తాగి 7 కిలోలు తగ్గాను. అవీ వచ్చేశాయి. ఈమధ్య పరీక్షలు చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1 అని వచ్చింది. థైరాయిడ్ బాగానే ఉంది. ఇంట్లో నేను, మావారు, అత్తయ్యగారు, ఇంటర్ చదివే అబ్బాయి. వంట నాదే. మా చెల్లెలు ఇంజెక్షన్ తీసుకోమంటోంది. "నీకు పట్టుదల లేదు" అని మావారు అంటే ఏడుపొస్తోంది, నిజమేనేమో అనిపిస్తోంది. తగ్గడం నాకు తెలుసు. తగ్గింది నిలబెట్టుకోవడం ఎలాగో చెప్పండి.

సమాధానం: ముందు ఆ పట్టుదల మాట తేల్చేద్దాం. స్కూలు, ఇల్లు, వంట అన్నీ చూసుకుంటూ రెండు విడతల్లో 19 కిలోలు తగ్గిన మనిషికి పట్టుదల లేదంటే నేను ఒప్పుకోను. మీవారికి ఈ మాట చదివి వినిపించండి. తగ్గిన తర్వాత ఏం చేయాలో మీకు ఎవరూ చెప్పలేదమ్మా, జరిగింది అంతే. డైట్ చార్టులన్నీ బరువు తగ్గిన రోజు దగ్గర ఆగిపోతాయి. ఆ మర్నాడు పొద్దున ఏం తినాలి, ఎంత తినాలి, మామూలు జీవితంలోకి ఎలా రావాలి అన్నది ఏ చార్టులోనూ ఉండదు. మీరు పడిపోయింది అక్కడ. రెండుసార్లూ అక్కడే.

అందుకే నా సలహా కాస్త వింతగా ఉంటుంది. ఈసారి మొదటి రెండు నెలలు బరువు తగ్గకండి. 76 దగ్గరే, ఒక కిలో అటూ ఇటూగా, నిలబడండి. నిలబడటం చేతికొచ్చాక తగ్గుదురుగాని.

దీనికి ఆధారం ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అధిక బరువున్న 267 మంది మహిళలతో ఒక అధ్యయనం చేసి 2013లో ప్రచురించారు. కొందరికి మామూలు పద్ధతిలో ముందు 20 వారాలు తగ్గడం నేర్పి, ఆ తర్వాత 8 వారాలు దాన్ని కాపాడుకోవడం మీద శిక్షణ ఇచ్చారు. మిగతావాళ్లకు వరస తిప్పేశారు. మొదటి 8 వారాలు తగ్గొద్దన్నారు, ఉన్న బరువు కదలకుండా చూసుకోవడం నేర్పారు, ఆ తర్వాతే 20 వారాలు తగ్గమన్నారు. 28 వారాలు పూర్తయ్యేసరికి రెండు జట్లూ దాదాపు ఒకేలా తగ్గాయి. తేడా ఆ తర్వాతి ఏడాదిలో బయటపడింది. ముందు తగ్గడం నేర్చుకున్నవాళ్లకు సగటున 3 కిలోలకు పైగా తిరిగి వచ్చింది. ముందు నిలబడటం నేర్చుకున్నవాళ్లకు వచ్చింది కిలోన్నర లోపే.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఎవరికైనా మొదట్లోనే ఉత్సాహం బాగా ఉంటుంది. ఆ ఉత్సాహమంతా ఆకలితో పోట్లాడటానికి ఖర్చయిపోతే, కొత్త అలవాట్లు నేర్చుకోవాల్సిన సమయానికి మనిషి అలిసిపోయి ఉంటుంది. ఆకలి లేని రోజుల్లో అలవాటు నేర్చుకోవడం తేలిక.

తగ్గిన బరువు ఎందుకు తిరిగొస్తుందో తెలిస్తే మీ మీద మీకున్న కోపం చాలావరకు పోతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందికి పది వారాలు చాలా తక్కువ ఆహారం ఇచ్చి సగటున 13 కిలోలకు పైగా తగ్గించారు. ఏడాది తర్వాత మళ్లీ రక్తం పరీక్షించారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను అప్పటికీ ఎక్కువగానే ఉంది. ఒంట్లో నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు చెప్పే లెప్టిన్ అప్పటికీ తక్కువగానే ఉంది. 2011లో వచ్చిన ఈ ఫలితం చాలామంది డాక్టర్ల ఆలోచనను మార్చింది. ఇక 2016లో అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్ ఒక లెక్క తేల్చాడు. తగ్గిన ప్రతి కిలోకూ శరీరం రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది. ఆకలి మాత్రం రోజుకు దాదాపు 100 కేలరీల మేర పెరుగుతుంది.

మీ 12 కిలోలకు ఈ లెక్క వేసి చూడండి. ఖర్చు 300 కేలరీల దాకా పడిపోయింది, ఆకలి 1,200 కేలరీల మేర పెరిగింది. ఆ ఆకలితోనే మీరు రోజూ పాఠాలు చెప్పారు, ఇంట్లో నలుగురికీ వండిపెట్టారు. అలాంటప్పుడు బరువు వెనక్కి రావడం మీ గుణం మీద తీర్పు ఎలా అవుతుంది?

కొబ్బరి నూనె డైట్ గురించి ఒక్క మాట. అది పనిచేయలేదని నేను అనను, మీకు తగ్గింది కదా. అన్నం, చపాతీ పూర్తిగా మానేస్తే కండరాల్లోనూ కాలేయంలోనూ దాచిన పిండిపదార్థం ఖాళీ అవుతుంది. దానితోపాటు, ఒక్కో గ్రాముకు దాదాపు మూడేసి గ్రాముల చొప్పున, నీరూ పోతుంది. మొదటి వారంలో రెండు మూడు కిలోలు పడిపోయేది అందుకే. తిన్నదే తినాలి కాబట్టి తినబుద్ధి కాదు, అలా ఇంకొంత తగ్గుతుంది. అయితే అన్నం లేని ఇంట్లో మీరు ఎన్నాళ్లు ఉంటారు? అత్తయ్యగారికి, అబ్బాయికి అన్నం వార్చి, మీరు పక్కన కూర్చుని సూప్ తాగడం మూడు నెలలైతే జరిగింది. పదేళ్లు జరగదు. అందుకే నా కొలత ఒక్కటే: పదేళ్ల తర్వాత కూడా మీ ఇంట్లో అదే గిన్నెలోంచి మీరు తినగలిగే పద్ధతి అయితేనే మొదలుపెట్టండి.

రెండు నెలలు ఊరికే పోతాయన్న బెంగ వద్దు. మీ 6.1 అంటే షుగర్ ఇంకా రాలేదు, వచ్చే దారిలో ఉంది. 5.7 నుంచి 6.4 దాకా ఉన్నవాళ్లది అదే స్థితి. మీలాంటివాళ్ల మీద చెన్నై డాక్టర్లు చేసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. ఆహారం మార్చుకుని, నడక మొదలుపెట్టినవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 28 శాతం దాకా తగ్గింది. విశేషం ఏమిటంటే వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు. బరువు కదలకపోయినా అలవాటు తన పని తాను చేసుకుపోతుందన్నమాట.

సరే, ఈ రెండు నెలల్లో ఏం చేయాలి? వంటింట్లోంచి మొదలుపెడదాం, అక్కడ పగ్గాలు మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి.

మీ ఇంటికి నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు వస్తాయో మీరు రాయలేదు. నలుగురున్న ఇంటికి 6 లీటర్లు అంటే మన వైపు ఎవరూ ఆశ్చర్యపోరు. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. 6 లీటర్లను నలుగురికి, 30 రోజులకు పంచితే మనిషికి రోజుకు 45 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున ఒక్క నూనె నుంచే 400 కేలరీలు దాటుతాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి చెప్పిన నూనె 27 గ్రాములు. ఆ లెక్కన మీ ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు చాలు. తేడా రెండున్నర లీటర్లు. ఇది ఎవరూ రుచి చూసి, ఇష్టపడి తిన్న తిండి కాదు. బాండీలో గుడ్డిగా వంపేసిన నూనె.

ఒకటో తారీఖున ప్యాకెట్లన్నీ ఒక చోట పెట్టి, వాటి మీద తేదీ వేయండి. డబ్బాలో చెంచా వేసి ఉంచండి, వంపడం మానేయండి. వేపుళ్లు వారానికి రెండుసార్లకు తగ్గించి మిగతా రోజులు ఇగురు, పులుసు, పప్పుకూర చేయండి. తోటకూర పులుసుకి, సొరకాయ పాలు పోసిన కూరకి చెంచా తాలింపు సరిపోతుందని మీకంటే అత్తయ్యగారికి బాగా తెలుసు. ఆవిడ చిన్నప్పుడు ఇంట్లో నూనె ఇంత ఎక్కడ వాడారు? ఆవిడను సలహా అడగండి. గుంటూరు మనిషిని ఆవకాయ మానమని నేను చెప్పను. ముక్కా పిండీ వేసుకోండి, పైన తేలిన నూనె జాడీలోనే వదిలేయండి. ఒక్కసారిగా మూడున్నర లీటర్లకు దిగనక్కర్లేదు. ఈ నెల ఐదు, వచ్చే నెల నాలుగున్నర. ఇంట్లో ఎవరూ గమనించనంత నిదానంగా జరగాలి.

ఇక పళ్లెం. మన భోజనానికి ఒక వరస ఉంది. పప్పుతో కాస్త అన్నం, కూరతో కాస్త, పచ్చడీ నెయ్యీ కలుపుకుని రెండు ముద్దలు, చారుతో ఇంకాస్త, చివర పెరుగన్నం. ప్రతి ఆదరువుకీ కొత్తగా అన్నం వడ్డించుకుంటాం. ప్రతిసారీ వేసుకునేది కొంచెమే కాబట్టి ఎక్కువ తిన్నామని ఎవరికీ అనిపించదు. ఒక ఆదివారం వంటింటి త్రాసు మీద మీ పళ్లెం పెట్టి, వడ్డించుకున్నప్పుడల్లా తూచి కాగితం మీద రాయండి. రోజూ చేయమనడం లేదు, ఒక్కసారి చాలు. వండిన అన్నం 150 గ్రాములకు దాదాపు 200 కేలరీలు. చాలామందికి ఒక పూట అన్నం 400 గ్రాములు దాటుతుంది. అంటే అన్నమే 500 కేలరీల పైన.

అన్నం మానకండి, వడ్డించుకునే తీరు మార్చండి. పూటకు కావలసిన అన్నమంతా మొదటే ఒకసారి పెట్టుకోండి, పెరుగులోకి కావలసింది కూడా అందులోంచే పక్కకు జరిపి ఉంచుకోండి. గిన్నె మూత మళ్లీ తీయొద్దు. ఆకలి తీరకపోతే రెండోసారి వేసుకునేది కూర, పప్పు, మజ్జిగ. కూర సగం ముందే ఉత్తగా తినేయండి. ఈ రెండు నెలల్లో ఆకలితో లేవకూడదు, ఆ మాట గుర్తుంచుకోండి. అన్నం తగ్గినచోట పప్పూ కూరా పెరగాలి. పోషకాహార సంస్థ వాళ్ల పళ్లెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉంటాయి. మన ఇళ్లలో నలుగురికి అరకిలో వంకాయలు వండి సరిపెడుతున్నాం. పూటకు కూర రెట్టింపు వండాలి, దానికి సంచీ పెద్దది పట్టుకెళ్లాలి.

అన్నం బదులు జొన్నరొట్టె, రాగి సంగటి తింటే తగ్గుతానా అని చాలామంది అడుగుతుంటారు. బియ్యం, జొన్నలు, రాగులు, ఏవైనా 100 గ్రాములకు 320 నుంచి 360 కేలరీల మధ్యే ఉంటాయి. పీచు ఎక్కువ కాబట్టి జొన్నలు, రాగులు నిదానంగా అరుగుతాయి, షుగర్ ఒక్కసారిగా పెరగదు, ఆ మేలు ఉంది. మీ ఇంట్లో ఇష్టపడితే చేయండి. కానీ జొన్నరొట్టెలు నాలుగు తింటే లెక్క అన్నం లెక్కే.

మాంసకృత్తుల మాట కూడా చెప్పాలి. మీకు రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు. పొద్దున పెసరట్లు రెండు మూడు, మధ్యాహ్నం గట్టిపప్పు, సాయంత్రం గుగ్గిళ్లు, రెండు పూటలా పెరుగు, తినేవాళ్లయితే రెండు గుడ్లు. ఇంతలో సరిపోతుంది, ఏ పౌడరూ కొనక్కర్లేదు. గుడ్డులో 6 గ్రాములు, పచ్చి పప్పు 30 గ్రాముల్లో 7 గ్రాములు ఉంటాయి. ఇవి రెండూ గుర్తుంటే మిగతాది మీరే లెక్కగట్టుకోగలరు.

మీ ఉత్తరంలో లేదుగానీ స్కూలు టీచర్లందరికీ ఉండే గండం సాయంత్రం నాలుగు గంటలది. మధ్యాహ్నం బాక్సు పన్నెండున్నరకే అయిపోతుంది. చివరి పీరియడ్‌కి నీరసం, స్టాఫ్ రూమ్‌లో టీ, ఎవరిదో పుట్టినరోజు సమోసా. ఇంటికొచ్చి వంట మొదలుపెట్టేలోపు జంతికల డబ్బా. రాత్రి భోజనం మానేసినవాళ్లు కూడా బరువు పెరిగేది ఈ రెండు గంటల్లోనే. ఉడికించిన శనగలో ఉలవలో పొద్దునే చిన్న డబ్బాలో పెట్టుకెళ్లి మూడున్నరకు తినేయండి. ఆకలి వేశాక వెతుక్కుంటే దొరికేది సమోసానే. టీలో చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటికి తేవడానికి రెండు నెలలు చాలా ఎక్కువ సమయం. అబ్బాయి పళ్లెంలో మిగిలింది పారేయలేక నోట్లో వేసుకునే అలవాటు ఉంటే, వాడికి వడ్డించేటప్పుడే తగ్గించి వడ్డించండి.

నడక విషయంలో ఆశలు సరిగ్గా పెట్టుకోవాలి. మీ బరువున్న మనిషి గంట నడిస్తే 250 కేలరీలు ఖర్చవుతాయి. పెద్ద గ్లాసు చక్కెర టీ, నాలుగు బిస్కెట్లతో అది తీరిపోతుంది. నడకతో మాత్రమే తగ్గాలనుకున్నవాళ్లు అందుకే మూడో నెలలో విసిగిపోతారు. అయితే తగ్గినదాన్ని కాపాడేది మాత్రం కదలికే. అమెరికాలో 1994లో ఒక పట్టిక మొదలుపెట్టారు. కనీసం 13 కిలోలకు పైగా తగ్గి, ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు అందులో రాసుకున్నారు. ఎవరెవరు ఏ పద్ధతిలో తగ్గారన్నది రకరకాలుగా ఉంటుంది. నిలబెట్టుకున్నవాళ్లలో మాత్రం పదిమందిలో తొమ్మిదిమంది రోజూ సగటున గంటసేపు ఒళ్లు వంచుతున్నారు. నలుగురిలో ముగ్గురు వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటున్నారు.

మొదటి రోజే గంట నడవమని చెప్పను. భోజనం అయిన ప్రతిసారీ పది నిమిషాలు ఇంట్లోనో డాబా మీదో తిరగండి. తిన్న తర్వాత నడిస్తే రక్తంలో షుగర్ ఎగబాకడం తగ్గుతుంది, మీకు అది బరువుకంటే ముఖ్యం. ముప్పై నిమిషాలు అలా గడిచిపోతాయి. అవి కుదిరాక పొద్దున ఇంకో అరగంట. గుంటూరు ఎండలు మీకు తెలియనివి కావు, ఏప్రిల్, మే నెలల్లో ఐదున్నరకే బయల్దేరాలి. కుదరకపోతే రాత్రి డాబా మీద. మానేసే సాకు వేసవి నుంచే మొదలవుతుంది, అందుకని ముందే రెండో దారి అనుకుని ఉంచుకోండి.

నడకతోపాటు వారానికి రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలి, ఇది మన ఆడవాళ్లు దాదాపు ఎవరూ చేయరు. మాంసకృత్తులు పట్టించుకోకుండా వేగంగా తగ్గినప్పుడు పోయిన బరువులో నాలుగో వంతు దాకా కండ ఉంటుంది. తిరిగి పెరిగేటప్పుడు వచ్చేది ఎక్కువగా కొవ్వే. రెండుసార్లు తగ్గి పెరిగారు కాబట్టి మీ ఒంట్లో కండ కొంత కరిగే ఉంటుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, కాస్త ఆగి మళ్లీ పది. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి తోసుకోవడం. లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులతో పైకెత్తడం. సూర్య నమస్కారాలు వస్తే అవి ఇంకా మంచివి. మోకాళ్ల నొప్పి ఉంటే ఎత్తు కుర్చీతో మొదలుపెట్టండి.

బరువు చూసుకోవడానికి ఒక రోజు పెట్టుకోండి. మంగళవారం పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు. పెళ్లి భోజనం చేసిన మర్నాడు, నెలసరి ముందు రోజుల్లో కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. మూడు రోజుల్లో పోతుంది, ఆ అంకె చూసి మధ్యాహ్నం అన్నం మానేయకండి. నోట్‌బుక్‌లో తేదీ, బరువు, ఆ వారం ఏం జరిగిందో ఒక ముక్క. "పరీక్షల డ్యూటీ, నిద్ర లేదు" అని రాసిన వారం బరువు పెరిగి ఉంటుంది చూడండి. నిద్ర ఐదు గంటలకు పడిపోతే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అందులో మీ తప్పేమీ లేదు. రాత్రి పదిన్నరకు ఫోను పక్కన పెట్టేయడం కూడా ఈ చికిత్సలో భాగమే అనుకోండి.

రెండు నెలలు 76 దగ్గర నిలబడ్డారా? ఇక తగ్గడం మొదలుపెట్టండి. అప్పటికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. అదే పళ్లెం, రెండు పూటలా అన్నం ఇంకో గరిటె తక్కువ, నూనె ఇంకో అర లీటరు తక్కువ, నడక ఇంకో పావుగంట ఎక్కువ. నెలకు కిలోన్నర తగ్గితే చాలు. వారానికి మూడు కిలోలు తగ్గించే ప్రకటనలు చూసిన కళ్లకు ఇది చిన్నగా కనిపిస్తుంది. మీ లక్ష్యం 60 అని రాసుకోవద్దు. 71 అని రాసుకోండి. అమెరికాలో షుగర్ రాబోయే స్థితిలో ఉన్నవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనంలో బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టారు. షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని 2002లో తేలింది. మీకు 7 శాతం అంటే ఐదు కిలోల పైచిలుకు.

71కి వచ్చాక మళ్లీ ఆగండి. మళ్లీ రెండు నెలలు నిలబడండి. మీరు ఎప్పుడూ చేయని పని ఇదే. అప్పుడు ఆకలి పెరిగి ఉంటుందని ముందే తెలుసు కాబట్టి కంగారు పడరు. ఇక్కడ ఒక గీత గీసుకోవాలి: నిలబడిన బరువుకు రెండు కిలోలు పైకి. మంగళవారం అంకె ఆ గీత దాటి, మరుసటి మంగళవారం కూడా దిగకపోతే, తగ్గేటప్పుడు తిన్న పళ్లెంలోకి ఆ రోజే వెళ్లిపోండి. ఉపవాసాలు వద్దు, ద్రవాలు వద్దు. రెండు కిలోలు ఒకటి రెండు నెలల్లో దిగుతాయి. పద్నాలుగు కిలోలు అయ్యాక చూసుకుంటే ఏళ్లు పడుతుంది. కిందటిసారి పద్నాలుగూ ఒక్క రోజులో రాలేదు కదా, మొదటి రెండు వచ్చినప్పుడు త్రాసు అటక మీద ఉండి ఉంటుంది.

పండగల గురించి భయం వద్దు. సంక్రాంతి నాడు అరిసెలు తినండి, ఉగాదికి బొబ్బట్టు నేతితో తినండి. ఒక్క పూట తిండి ఎవరినీ లావు చేయదు. సంక్రాంతికి వండిన పిండివంటలు డబ్బాల్లో మాఘమాసం దాకా ఉంటాయే, కష్టం వాటితో. స్కూలు నుంచి రాగానే చేతికి తగిలేది ఆ డబ్బానే. ఈసారి సగం వండండి, వండినదాంట్లో సగం కనుమ దాటేలోపు పంచిపెట్టండి. కార్తీక మాసంలో పగలంతా ఉపవాసం ఉండి రాత్రి పులిహోర, వడలు కడుపు పట్టనంత తినడం కంటే, ఉపవాసం విరమించేటప్పుడు మీ మామూలు పళ్లెమే పెట్టుకోవడం మేలు.

ఇంట్లోవాళ్లతో నేరుగా మాట్లాడండి. "నేను డైట్ చేస్తున్నాను" అంటే రెండుసార్లు చూసిన ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. "నాకు షుగర్ వచ్చేలా ఉందట అత్తయ్యా, ఇంట్లో అందరికీ నూనె తగ్గిస్తున్నాను" అంటే ఆవిడకు అర్థమవుతుంది. ఆ వయసులో ఆవిడకీ మంచిదే. ఆవిడకు షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ ఉంటే మాత్రం ఆవిడ అన్నం డాక్టర్‌ని అడగకుండా తగ్గించొద్దు, షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. మీవారికి రెండే పనులు చెప్పండి: రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు మీతో డాబా మీద నడవడం, మీ ఒంటి గురించి మాట్లాడకపోవడం. రెండోది మొదటిదానికంటే ముఖ్యం. అవమానపడ్డ మనిషి దాక్కుని తింటుంది. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇంజెక్షన్ల గురించి మీ చెల్లెలు చెప్పింది తీసిపారేయాల్సిన మాట కాదు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనే మందులు ఆకలి మీదే పనిచేస్తాయి, బరువు బాగా తగ్గిస్తాయి. మీ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూసే లెక్క) 30 దాటింది, మన దేశంలో 25 దాటితే చాలు, ఊబకాయం కింద లెక్క. కాబట్టి డాక్టర్ రాయాలనుకుంటే రాయవచ్చు. తీసుకుంటే సిగ్గుపడనక్కర్లేదు. అయితే సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లను ఏడాదిపాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. అంటే మందు తీసుకున్నా నిలబెట్టుకునే పని మిగిలే ఉంటుంది, లేదంటే మందు ఏళ్ల తరబడి వాడాలి. దాని ఖర్చు, వాంతులు, వికారం, కండ తగ్గడం ఇవన్నీ ముందే మాట్లాడుకోవాలి. మీ 6.1 చూస్తే, మొదట ఆరు నెలలు ఈ దారిలో ప్రయత్నించడం సబబని నా అభిప్రాయం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకండి. ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే, మీకు ఎప్పుడైనా పాంక్రియాస్ (క్లోమం) వాపు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి మొదటే చెప్పాలి.

మొదలుపెట్టే ముందు బీపీ, హిమోగ్లోబిన్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. టేపుతో బొడ్డు దగ్గర నడుము చుట్టూ కొలిచి నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే కడుపులో కొవ్వు ఉన్నట్టు లెక్క. బరువు కదలని ఈ రెండు నెలల్లో కూడా ఆ టేపు ఒకటి రెండు సెంటీమీటర్లు దిగవచ్చు. హెచ్‌బీఏ1సీ మళ్లీ మూడు నెలలకు చేయించండి, అంతకంటే ముందు చేయిస్తే మార్పు పూర్తిగా తెలియదు. నడుస్తున్నప్పుడు ఛాతీలో బిగుతుగా ఉన్నా, మెట్లు ఎక్కితే మునుపెన్నడూ లేని ఆయాసం వచ్చినా, నడక ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.